షెడ్యూలు రాయబోయే అమ్మలుకి

అమ్మలూ,

హైదరాబాదులో ప్లానింగ్ ఇంజనీరు ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సెల్లారు, స్టిల్టు, పైన ఐదంతస్తుల అపార్టుమెంటు, షెడ్యూలు మొత్తం నీ చేతికే ఇచ్చారట. చాలా సంతోషమైంది తల్లీ. ప్రైమవేరా, ఎంఎస్ ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్లు నువ్వు శ్రద్ధగా నేర్చుకున్నావు. ఆ విషయంలో నీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నలభై ఏళ్ల సైటు జీవితంలో నాకు గట్టిగా అర్థమైన మాట ఒకటుంది, అది చెబుతాను. పని ఆగిపోయిన రోజున అందరూ ఆలస్యం మొదలైందనుకుంటారు. అది అంతకు నెలో రెండు నెలలో ముందే మొదలై ఉంటుంది. ఎవరో తేల్చాల్సిన సంగతి తేల్చకుండా, అడగాల్సిన ప్రశ్న అడగకుండా వదిలేసిన రోజున అది పుడుతుంది. ఆ రోజునే దాన్ని పట్టుకోవడం నీ ఉద్యోగం. కంప్యూటరు నీకు ఇచ్చే సాయం కూడా అదే.

ముందు డ్రాయింగుల సంగతి చూడు. మన దగ్గర ఏ కట్టడమైనా ముహూర్తంతో మొదలవుతుంది. మూఢం వస్తోందనో ఆషాఢం వస్తోందనో తొందరపడి శంకుస్థాపన చేస్తారు. చెయ్యనీ, అందులో తప్పేం లేదు. కొబ్బరికాయ కొట్టిన మర్నాడే స్ట్రక్చరల్ డ్రాయింగులు చేతికి రాకుండా పొక్లెయిన్ దించితేనే వస్తుంది చిక్కు. ‘ఎలాగూ పునాదే కదా, పైవి తర్వాత వస్తాయి’ అని నీతో చాలామంది అంటారు. ఆ మాట అన్నవాళ్లకి సిడ్నీ ఒపేరా హౌస్ సంగతి చెప్పు. ఆ పైకప్పు పెంకుల్ని ఎలా కట్టాలో తేలకముందే, 1959లో కింద పని మొదలుపెట్టేశారు. 1963కల్లా అయిపోతుందనుకున్నది 1973లో ప్రారంభమైంది. 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లనుకున్న ఖర్చు పది కోట్లు దాటింది. పైకప్పు చివరికి ఎలా ఉండాలో తేలేసరికి, ముందు కట్టిన స్తంభాలు ఆ బరువు మొయ్యలేవని తెలిసి వాటిని మళ్లీ కట్టాల్సి వచ్చింది. ప్రపంచం మెచ్చిన కట్టడం అది, నేనూ మెచ్చుకుంటాను. కానీ అందులో పోయిన పదేళ్లలో సగానికి మూలం ఆ మొదటి తొందరలోనే ఉందని నా నమ్మకం.

దానికి సరిగ్గా ఎదురుగా న్యూయార్కు ఎంపైర్ స్టేట్ బిల్డింగుని పెట్టుకుని చూడు. 1930 మార్చిలో మొదలై 1931 మే 1న తలుపులు తెరిచిన 102 అంతస్తుల భవనం. ఈ కాలపు కంప్యూటరు లేదు, సెల్‌ఫోను లేదు. వాళ్ల దగ్గర ఉక్కు పనికి ఒక పట్టిక ఉండేది. ఫలానా అంతస్తుల ఉక్కుకి ఆర్కిటెక్టు నుంచి సమాచారం ఏ తేదీకి రావాలి, డ్రాయింగు ఏ తేదీకి, మిల్లుకి ఆర్డరు ఏ తేదీకి, సరుకు సైటుకి ఏ తేదీకి, నిలబెట్టడం ఏ తేదీకి అని వరసగా రాసుకున్నారు. చూశావా, ఉక్కు ఎప్పుడు నిలబడాలన్న తేదీతో వాళ్లు ఆగలేదు. దాని వెనక ఎవరు ఎప్పటికి ఏం తేల్చాలో ఆ తేదీలూ రాశారు. మన దగ్గర షెడ్యూళ్లలో నాకు ఎప్పుడూ కనబడని వరస ఇదే. మనం ‘లిఫ్ట్ బిగింపు: ఫలానా నెల’ అని రాసి ఊరుకుంటాం.

లిఫ్టే తీసుకో. లిఫ్ట్ ఏ కంపెనీది, ఏ మోడలు అన్నది తేలకపోతే గుంత లోతు తేలదు, షాఫ్ట్ కొలతలు తేలవు, పైన ఎంత ఖాళీ వదలాలో తేలదు. గుంత అంటే పునాది పని. అంటే ఐదో అంతస్తు టైల్స్ వేసేటప్పుడు బిగించే లిఫ్టు గురించి, సెల్లారు తవ్వేటప్పటికే నిర్ణయం అయిపోవాలి. ఆర్డరు ఇచ్చాక సరుకు రావడానికి నెలలు పడుతుంది. మరి ఈ మాట ఎవరు ఎవరిని ఎప్పుడు అడగాలి? అది నీ షెడ్యూల్లో ఒక వరసగా, పేరుతో, తేదీతో ఉండాలి. అలాగే టాయిలెట్లో కమోడు గోడకు తగిలించేదా, నేలమీద కూర్చోబెట్టేదా అని అడుగు. దాన్నిబట్టి సంకన్ స్లాబు లోతు, గోడ మందం, పైపుల దారి మారతాయి. ఇది తేలక స్లాబులు ఆగిన సైటు ఒకటి నేను దగ్గరుండి చూశాను. సిమెంటు ఉంది, స్టీలు ఉంది, మేస్త్రి ఉన్నాడు, వాతావరణం బాగుంది. ఓనరు శానిటరీ షోరూముకి వెళ్లడానికి తీరిక లేక వారాలు గడిచాయి.

మన ఇళ్లలో వాస్తు ఒకటి ఉంది కదా. ఫ్లాటు కొన్నవాళ్లు గోడలు లేచాక సిద్ధాంతిగారిని తీసుకొస్తారు. పొయ్యి ఆగ్నేయానికి లేదంటారు, తలుపు రెండడుగులు జరపమంటారు. వాళ్ల నమ్మకాన్ని చిన్నబుచ్చకు. జీవితంలో ఒక్కసారి కొనుక్కునే ఇల్లు అది. బుకింగ్ రోజునే ప్లాను కాగితం చేతిలో పెట్టి, ‘మార్పులేమైనా ఉంటే ఈ తేదీలోపు చెప్పండి, ఆ తర్వాత గోడ కట్టుబడి మొదలవుతుంది’ అని మర్యాదగా చెప్పించు. ఆ తేదీని ఫోన్‌కి మెసేజీగా పంపించు, వారం ముందు ఒకసారి గుర్తుచెయ్యి. ఇంత చిన్న పని ఎన్ని గోడల్ని పగలగొట్టకుండా కాపాడుతుందో నీకే తెలుస్తుంది.

ఇక షెడ్యూలు రాయడం. నువ్వు చదువుకున్న క్రిటికల్ పాత్ పద్ధతి 1957లో పుట్టింది. డ్యూపాంట్ కంపెనీలో మోర్గన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ కంపెనీలో జేమ్స్ కెల్లీ కలిసి తయారుచేశారు. ఆ లెక్కలకి అప్పటి యూనివాక్ కంప్యూటరే వాడారు. కాబట్టి ఈ విద్యకి కంప్యూటరు పుట్టుకతోనే తోడు. దాని గుణమేమిటంటే, ఏ పనులు ఒక్కరోజు వెనక్కి జరిగినా మొత్తం ముగింపు వెనక్కి జరుగుతుందో, ఏ పనులకి కాస్త వెసులుబాటుందో విడదీసి చూపిస్తుంది. కాంపౌండ్ వాల్‌కి వెసులుబాటుంటుంది. మెట్ల గదికి, లిఫ్ట్ షాఫ్టుకి ఉండదు. ఇక్కడే ఒక జాగ్రత్త చెబుతాను. వెసులుబాటున్న పనిని ‘ఇంకా టైముందిలే’ అని అందరూ తలా కాస్త తినేస్తారు. రెండు నెలల వెసులుబాటున్న ట్రాన్స్‌ఫార్మరు దరఖాస్తు, ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల చివర్లో ప్రాజెక్టు మొత్తాన్ని పట్టుకుని కూర్చుంటుంది. కరెంటు లేని అపార్టుమెంటుకి ఎవరు గృహప్రవేశం చేస్తారు? అందుకని ప్రతి నెలా క్రిటికల్ పాత్‌తో పాటు, వెసులుబాటు కరిగిపోతున్న పనుల్ని కూడా చూడు. రేపటి ప్రమాదం అక్కడ ఉంటుంది.

షెడ్యూల్ని ఆఫీసులో ఏసీ గదిలో ఒక్కదానివే కూర్చుని రాయకమ్మా. సెంట్రింగ్ మేస్త్రిని, రాడ్ బెండింగ్ మేస్త్రిని, ఎలక్ట్రీషియన్ని, ప్లంబర్ని పిలిచి టీ ఇప్పించి అడుగు. ‘మేస్త్రిగారూ, మీ దగ్గర ప్లేట్లు, జాకీలు ఎన్ని స్లాబులకి సరిపోతాయి?’ అన్న ఒక్క ప్రశ్నతో నీ స్లాబుల లెక్క మొత్తం మారిపోవచ్చు. ఎందుకో చెబుతాను. ఐఎస్ 456 ప్రకారం స్తంభాల పక్క పలకలు 16 నుంచి 24 గంటలకి తీసేయొచ్చు. స్లాబు కింద జాకీలు మాత్రం 4.5 మీటర్ల లోపు స్పానుకి 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. బీముల కింద 6 మీటర్ల లోపు 14 రోజులు, మించితే 21 రోజులు. ఇవన్నీ మామూలు ఓపీసీ సిమెంటుకి. పీపీసీ అయితే ఇంకాస్త ఓపిక పట్టాలి. కింద జాకీలు అలా ఉండగానే పై స్లాబుకి సెంట్రింగ్ మొదలుకావాలంటే రెండో సెట్టు కావాలి. మేస్త్రి దగ్గర సెట్టున్నర ఉంటే, కంప్యూటర్లో నువ్వు పెట్టిన పదిరోజుల స్లాబు కాగితం మీదే ఉంటుంది. అది నువ్వు మొదటివారంలోనే తెలుసుకుంటే, అద్దెకి తెప్పించుకోవడానికి టైముంటుంది. మూడో స్లాబు దగ్గర తెలుసుకుంటే మేస్త్రి జాకీలు ముందే లాగేస్తాడు. ఆ పని జరగనివ్వకు. ఏ తేదీ కోసమూ, ఎవరి ఒత్తిడి కోసమూ జరగనివ్వకు. క్యూరింగు కూడా అంతే. ఓపీసీకి కనీసం 7 రోజులు, ఎండలు మండే రోజుల్లో 10, పీపీసీకి 14 దాకా నీళ్లు పట్టాలి. కాంక్రీటుకి దాని టైము దానికుంది, మనం దాన్ని గౌరవించి మిగతా పనుల్ని దాని చుట్టూ సర్దుకోవాలి.

సాఫ్ట్‌వేర్లో క్యాలెండర్ అని ఒకటుంటుంది, దాన్ని చాలామంది ఆదివారాలు, ఆగస్టు 15, అక్టోబరు 2 పెట్టి వదిలేస్తారు. నువ్వు అలా వదలకు. నీ సైటులో ఎవరెవరు పనిచేస్తారో చూడు. టైల్స్ వాళ్లు బీహారు నుంచి వస్తే ఛఠ్ పూజకి వెళ్తారు, తిరిగి రావడానికి రైలు టిక్కెట్లు దొరకాలి. మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు సంక్రాంతికి వెళ్తే కనుమ మర్నాడే రమ్మంటే రారు, రమ్మనడం న్యాయమూ కాదు. ఏడాదంతా తల్లిదండ్రుల్ని, పిల్లల్ని వదిలి వచ్చినవాళ్లు. వాళ్ల పండుగల్ని ముందే నీ క్యాలెండర్లో రాసుకుంటే నువ్వు వాళ్లని పోరనక్కర్లేదు, వాళ్లు నీకు అబద్ధం చెప్పనక్కర్లేదు. లేబర్ కాంట్రాక్టర్ని కూర్చోబెట్టి ఏడాది మొత్తానికి ఏ నెలలో ఎంతమంది ఉంటారో అడిగి రాయించు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, అక్టోబరు నుంచి కోస్తాలో తుఫాన్లు, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కాంక్రీటు వెయ్యలేని ఎండ. ఇవేవీ మనకి కొత్తవి కావు. కొత్తవి కానివాటిని ‘అనుకోని ఆటంకాలు’ అని లేఖల్లో రాయడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

నదుల మీద పనిచేసినవాళ్లకి ఈ క్యాలెండర్ విలువ బాగా తెలుసు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. గోదావరి ఏటా కొన్ని నెలలే పనికి చోటిస్తుంది, మిగతా నెలలు కట్టినదాన్ని కాపాడుకోవడమే పని. వరద వచ్చేలోపు ఏది ఏ ఎత్తుకి రావాలన్నదే ఆ ఐదేళ్లూ ఆయన ముందున్న షెడ్యూలు. మన కాలంలో పోలవరం చూడు. 2018లో పూర్తయిన డయాఫ్రమ్ వాల్ తర్వాతి ఏళ్ల వరదల్లో దెబ్బతింది. 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలుపెట్టాల్సి వచ్చింది. తప్పెవరిదన్న వాదన నీకూ నాకూ వద్దు. ఇంజనీరుగా నువ్వు అందులో చూడాల్సింది వరసని. స్పిల్‌వే, కాఫర్ డ్యాములు, డయాఫ్రమ్ వాల్ అనే మూడు పనుల మధ్య వరద నెలలు ఎక్కడ పడతాయి, ఏది ఆగితే ఏది నీళ్లపాలవుతుంది అన్నది చూడాలి. ఒక పని ఆలస్యమైతే అది ఒక్కటే ఆలస్యమై ఊరుకోదు, పూర్తయినదాన్ని కూడా ప్రమాదంలో పడేస్తుంది. ఐదంతస్తుల అపార్టుమెంటుకీ ఇదే వర్తిస్తుంది. టెర్రస్ వాటర్‌ప్రూఫింగు వానల్లోకి జారిపోతే కింద అయిదో అంతస్తు పెయింటింగు పాడవుతుంది.

సరుకు విషయంలో ఎక్కువ చెప్పను. 2019లో ఆంధ్రాలో ఇసుక దొరక్క పనులు నిలిచిపోయి, తాపీ మేస్త్రులు అడ్డాల దగ్గర ఖాళీగా నిలబడిన నెలలు నీకూ గుర్తుండే ఉంటాయి. ప్రతి ముఖ్యమైన సరుకుకీ రెండో దారి ఏమిటో ముందే రాసిపెట్టుకో. ఎం శాండ్‌తో మిక్స్ డిజైన్ ముందే చేయించి ఉంచితే నది ఇసుక ఆగిన రోజున నీ పని ఆగదు.

పెద్ద షెడ్యూలు ఎంత బాగా రాసినా రోజువారీ పని నడిపేది అది కాదు తల్లీ. దాన్ని నడిపేది రాబోయే మూడు వారాల కాగితం. అమెరికాలో గ్లెన్ బలార్డ్, గ్రెగ్ హోవెల్ అని ఇద్దరు 1990లలో సైట్లలో ఒక లెక్క తీశారు. వచ్చే వారం చేస్తామని మాటిచ్చిన పనుల్లో నిజంగా ఆ వారం అయ్యేవి ఎన్ని అని. దాదాపు సగమే అని తేలింది. అక్కడే అంత అయితే మన దగ్గర ఎక్కువుంటుందని నేననుకోను. వాళ్లు చెప్పిన మందు చాలా తేలిక. పని చెయ్యబోయే మనిషే మాటివ్వాలి. పనికి అడ్డం ఉన్నవన్నీ తీరితేనే ఆ వారంలో పెట్టాలి. డ్రాయింగు వచ్చిందా, సరుకు ఉందా, ముందు పనివాళ్లు ఖాళీ చేశారా, మనుషులున్నారా, ఇన్‌స్పెక్షన్ అయిందా అని ఒక్కొక్కటీ అడగాలి. ఒక్కటి తీరకపోయినా ఆ పని వారం జాబితాలోకి రాదు, ఆ అడ్డం ఎవరు ఏ రోజుకి తీరుస్తారో పేరు రాయాలి. శనివారం సాయంత్రం కూర్చుని, కాని పనుల పక్కన కారణం ఒక్క ముక్కలో రాయాలి. రెండు నెలలకల్లా ఆ కారణాల వరస చూస్తే నీ సైటు జబ్బు ఏమిటో నీకు తెలిసిపోతుంది. ప్రతిసారీ ‘ఎలక్ట్రికల్ కండ్యూట్ అవలేదు’ అని వస్తోందంటే, ప్లాస్టరింగ్ వాళ్లని తిట్టి ఏం లాభం? దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు, ఫోన్లలో అందరికీ తెరుచుకునే ఒక గూగుల్ షీటు చాలు. తెలుగులో రాయి. మేస్త్రి చదవలేని షెడ్యూలు మేస్త్రిది కాదు.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న మాట. కంప్యూటర్లోకి వెళ్లేది నిజమై ఉండాలి. సూపర్‌వైజరు రోజూ రిపోర్టు పంపుతాడు. ‘ప్లాస్టరింగ్ 90 శాతం’ అంటాడు. వారం పోయాక మళ్లీ 90 శాతం అంటాడు. ఆ పది శాతంలో మూలలు, కిటికీ అంచులు, బాత్రూముల పనంతా ఉంటుంది. అందుకని శాతాలు తీసుకోకు. 203 ఫ్లాటు హాలు అయింది, వంటగది కాలేదు అని తీసుకో. అయితే అయినట్టు, లేకపోతే లేనట్టు. రోజూ ఒకే చోట నిలబడి ఒకే వైపు తీసిన ఫోటో, దాని మీద తేదీ, వందమాటలకంటే నీకు ఎక్కువ పనికొస్తుంది. పెద్ద సైటు అయితే వారానికోసారి డ్రోను ఎగరెయ్యొచ్చు. నీదానికి ఫోన్ చాలు.

వాట్సాప్ గ్రూపు సంగతి కూడా చెప్పాలి. అది మాటలకి చాలా మంచిది. డ్రాయింగులకి మాత్రం ప్రమాదం. ఆర్కిటెక్టు మార్చిన డ్రాయింగు గ్రూపులో పెడతాడు, దానిమీద శుభోదయాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు వచ్చి పడతాయి, రాడ్ బెండరు తన ఫోన్లో సేవ్ చేసుకున్న పాతదాని ప్రకారం స్టీలు కట్టేస్తాడు. నేను పనిచేసిన ఒక చోట కాంక్రీటు బండి గేటు దగ్గరికొచ్చాక ఈ సంగతి బయటపడింది. స్టీలంతా విప్పి మళ్లీ కట్టించారు. ఆ రాత్రి రాడ్ బెండింగు కుర్రాళ్ల మొహాలు నేను మర్చిపోలేదు, తప్పు వాళ్లది కానే కాదు. ఒకే చోట, ఒకే ఫోల్డరులో ఆఖరి డ్రాయింగు ఉండాలి. సైటులో అంటించే ప్రతి షీటు మీదా క్యూఆర్ కోడు పెట్టించు, ఫోన్‌తో చూస్తే ఇది ఆఖరిదా పాతదా అన్నది తేలాలి. కాంక్రీటు వేసే ముందు మేస్త్రి ఆ కోడు చూసి సరేననాలి. ఐదు నిమిషాల పని.

భవనాన్ని ముందే కంప్యూటర్లో కట్టి చూసే బీఐఎం అని పెద్ద ప్రాజెక్టుల్లో వాడతారే, నీ చిన్న భవనానికీ ఒకచోట అడిగి చేయించు. సెల్లారు పైకప్పు కింద. అక్కడే మురుగు పైపులు, ఫైరు పైపులు, కేబుల్ ట్రేలు, బీములు అన్నీ ఒకదాన్నొకటి పొడుస్తాయి. తెరమీద ఆ పోట్లాట ముందే చూసి, బీముల్లో స్లీవులు వదిలితే తర్వాత కోర్ కటింగ్ మెషీను పెట్టి బీముల్ని తొలిచే పాపం ఉండదు.

ప్రభుత్వ పనుల్లో మేం హిండ్రన్స్ రిజిస్టరు అని ఒకటి రాసేవాళ్లం. ఏ కారణంతో పని ఏ రోజు ఆగింది, ఏ రోజు మళ్లీ మొదలైంది, ఎవరి వల్ల అన్నది అదే రోజు రాసి డిపార్టుమెంటు, కాంట్రాక్టరు ఇద్దరూ సంతకం పెట్టేవాళ్లు. నువ్వు అది డిజిటల్‌గా పెట్టు. ఆరు నెలల తర్వాత గొడవలో ఎవరి జ్ఞాపకం నిజమో వాదించుకునే అవసరం రాదు. ఇంకోటి, మొదట ఒప్పుకున్న బేస్‌లైన్‌ని ఎవరడిగినా చెరపకు. మీటింగు ముందురోజు తేదీలు జరిపి అంతా పచ్చగా కనబడేలా చెయ్యమని నిన్ను అడగొచ్చు. మర్యాదగానే కాదను. ఎంత వెనకబడ్డామో, దాన్ని పూడ్చడానికి రెండు దారులేమిటో, ఒక్కొక్కదానికి ఎంత ఖర్చో రాసి తీసుకెళ్లు. నిజం చెప్పిన మనిషికి తిట్లు పడే సైటులో ఎవరూ నిజం చెప్పరు. అందుకే ‘అవలేదమ్మా’ అన్న సూపర్‌వైజర్ని నువ్వు ఎన్నడూ కసురుకోకు. ఆ మాట ముందే చెప్పినందుకు థాంక్స్ చెప్పు.

డబ్బు మాట చెప్పకపోతే నా హితవు సగమే అవుతుంది. ఢిల్లీ మెట్రో మొదటి దశ 1998 అక్టోబరులో మొదలై, పదేళ్లు పడుతుందనుకున్నది అంతకంటే ముందే పూర్తయింది. ఆ పనిని నడిపించిన శ్రీధరన్ గారు సైట్లలో ఇంకా ఎన్ని రోజులున్నాయో చూపించే గడియారాలు పెట్టించారని అందరూ చెప్పుకుంటారు. ఆ గడియారాలు పనిచెయ్యడానికి కారణం వాటి వెనకున్న పద్ధతి. నిర్ణయాలు కిందికీ పైకీ తిరగకుండా వెంటనే అయ్యేవి, బిల్లులు నెలల తరబడి ఆగేవి కావు. మన సైట్లలో చేసిన పనికి కొలతలు రాయడానికే రెండు వారాలు, చెక్కు రావడానికి నెల. ఈలోగా లేబర్ కాంట్రాక్టరు మనుషులకి ఖర్చీ ఇవ్వలేక, డబ్బిచ్చే ఇంకో సైటుకి వాళ్లని పంపేస్తాడు. కంప్యూటర్లో అది ‘లేబర్ కొరత’ అని కనిపిస్తుంది. కొలతల్ని శనివారానికి శనివారం నమోదు చేయించి బిల్లు కదిలించడం కూడా ప్లానింగ్ ఇంజనీరు పనేనని నేనంటాను, ఎవరు కాదన్నా సరే.

కొనుక్కున్నవాళ్లని కూడా మనసులో పెట్టుకో. ఉంటున్న ఇంటికి అద్దె, కొన్న ఇంటికి ఈఎంఐ, రెండూ కడుతూ నీ తేదీ కోసం చూస్తుంటారు. 2016 రెరా చట్టం వాళ్ల కోసమే వచ్చింది. వాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం విడిగా ఒక ఖాతాలో ఉండాలి. ఎంత పని అయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, సీఏ ధ్రువీకరించాకే అందులోంచి తీయాలి. మూడు నెలలకోసారి పని ఎక్కడిదాకా వచ్చిందో రెరా వెబ్‌సైట్లో పెట్టాలి. చెప్పిన తేదీకి ఇవ్వకపోతే వడ్డీ కట్టాలి. నీ ఫోటోలు, నీ ఫ్లాటువారీ లెక్క సరిగ్గా ఉంటే ఆ మూడు నెలల రిపోర్టు నీకు ఒక పూట పని.

ఇక నీ సైటు గురించే ఒక మాట. సెల్లారు ఉందన్నాడు మీ నాన్న. హైదరాబాదులో నేల కింద రాయి ఎక్కడ ఏ లోతులో తగులుతుందో పక్క ప్లాటు చూసి చెప్పలేం. ఇళ్ల మధ్య ఇష్టమొచ్చినట్టు బ్లాస్టింగ్ చెయ్యనివ్వరు, బ్రేకరుతో కొట్టుకుంటూ పోవాలంటే రోజులు బాగా పెరుగుతాయి. పైగా వానాకాలంలో కొత్త సెల్లార్ల తవ్వకం జీహెచ్ఎంసీ ఆపించిన ఏళ్లున్నాయి. పక్క ఇళ్ల గోడలు కూలే ప్రమాదం కదా, ఆపించడం సబబే. కాబట్టి నీ మొత్తం షెడ్యూలు ముందు ఈ తవ్వకం మీద నిలబడి ఉంది. సోమవారం ఆఫీసుకి వెళ్లగానే సాయిల్ రిపోర్టు అడుగు. ఎన్ని బోర్లు వేశారు, ఏ బోరులో ఎంత లోతులో గట్టి రాయి తగిలింది, నీటి మట్టం ఎక్కడుంది అన్న మూడూ నోట్ చేసుకుని నాకు ఫోన్ చెయ్యి. పక్క ఇళ్ల గోడలకి ఇప్పటికే ఏవైనా పగుళ్లుంటే వాటి ఫోటోలు ఆ ఇంటివాళ్ల సమక్షంలో తీయించి పెట్టుకో. రాయి లెక్క వచ్చాక తవ్వకానికి ఎన్ని రోజులు పడుతుందో, వానలకి ముందు రిటెయినింగ్ వాల్ ఏ ఎత్తుకి తేవాలో మనిద్దరం కూర్చుని వేద్దాం. హెల్మెట్ పెట్టుకో, మధ్యాహ్నం వేళకి తిను.

మీ పెదనాన్న